కోహీర్ పద్దు ఎవరిది? : సంస్థల పేరిట వెలువడిన ఆకర గ్రంథాలు – గ్రంథస్వామ్య చరిత్ర

వ్యాససంగ్రహం

గెజెటీరులో ఒక ఊరి గురించి ఉండే నాలుగు వాక్యాలు, పదకోశంలో ఒక రైతు మాటకు ఇచ్చిన అర్థం, విజ్ఞాన సర్వస్వంలోని ఒక వ్యాసం – ఇవి సంస్థల పేరిట వెలువడినప్పుడు వాటిపై హక్కు ఎవరిది, ఎంతకాలం అనే ప్రశ్నకు భారత గ్రంథస్వామ్య చట్టం ఒకే సమాధానం చెప్పదు. కోహీర్ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని, తెలుగులో పరిషత్తులు, అకాడమీలు, సమితులు నిర్మించిన ఆకర గ్రంథాల హక్కుల గతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఇందులో ప్రధాన ఉదాహరణ.

ప్రవేశిక

కోహీర్ నేడు సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్‌కు సమీపంలో ఉన్న మండల కేంద్రం. జామతోటలకు పేరుపడిన ఊరు. రైల్వే వారి పట్టికలో దీని పేరు ‘కోహీర్ దక్కన్’. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా ఈ ప్రాంతం హైదరాబాదు సంస్థానపు బీదర్ జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోగా, జహీరాబాద్ తాలూకా మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి కొత్త జిల్లా అయింది. ఊరు ఉన్నచోటే ఉన్నది. దాని పద్దు మాత్రం ఒక గ్రంథం నుండి మరొక గ్రంథానికి, ఒక ప్రభుత్వం నుండి మరొక ప్రభుత్వానికి మారుతూ వచ్చింది.

ఊరి చరిత్ర రాయదలచిన ఉపాధ్యాయుడు గాని, పరిశోధక విద్యార్థి గాని ముందుగా వెతికేవి ఇటువంటి పద్దులే. వాటిని చదవటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పునర్ముద్రించటానికి, అనువదించటానికి, అంతర్జాలంలో పెట్టటానికి మాత్రం హక్కుదారు ఎవరో తెలియాలి. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. నవలకో కావ్యానికో రచయిత ఒకడుంటాడు. అతని మరణ సంవత్సరం తెలిస్తే లెక్క తేలుతుంది. నిఘంటువుకూ, విజ్ఞాన సర్వస్వానికీ, గెజెటీరుకూ ముఖపత్రం మీద కనిపించేది సంస్థ పేరు. సంస్థకు మరణ సంవత్సరం ఉండదు. ఒకవేళ ఉన్నా, చట్టం దానిని లెక్కలోకి తీసుకోదు.

గెజెట్, గెజెటీర్

బ్రిటిషు పాలనలో వెలువడిన ‘ఇంపీరియల్ గెజెటీర్ ఆఫ్ ఇండియా’ సంస్థాగత రచనకు తొలి పెద్ద నమూనా. డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ సంపాదకత్వంలో 1881లో 9 సంపుటాలుగా వచ్చిన తొలికూర్పు, 1885–87 మధ్య 14 సంపుటాలైంది. 1907–09 మధ్య వెలువడిన కొత్త కూర్పు 26 సంపుటాలు. ఇంగ్లీషు అక్షరక్రమంలో కరాచీ మొదలు కొట్టాయం వరకు సాగే 15వ సంపుటంలో, బీదర్ జిల్లా పట్టణంగా కోహీర్ పద్దు ఉన్నది. ఇండియా రాజ్యకార్యదర్శి అధికారంతో ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ వారు ముద్రించిన గ్రంథమిది. హైదరాబాదు సంస్థానానికి సంబంధించిన భాగాన్ని మీర్జా మెహదీ ఖాన్ సమకూర్చగా, రాష్ట్రాల వరుసలో అది 1909లో కలకత్తాలో ప్రత్యేకంగా వెలువడింది.

దీనిపై హక్కుల లెక్క సులభంగా తేలుతుంది. 1914 నాటి భారత చట్టం ద్వారా ఇక్కడ అమలైన 1911 నాటి బ్రిటిషు చట్టం, ప్రభుత్వ ఆదేశంతోనో అదుపులోనో తయారైన రచనకు తొలి ప్రచురణ నుండి 50 సంవత్సరాల రక్షణ ఇచ్చింది. ఎవరు రాశారు, ఎప్పుడు మరణించారు అని వెతకనక్కరలేదు. ఆ లెక్కన 1950ల చివరికే ఈ సంపుటాలు సార్వజనిక సొత్తు అయ్యాయి. చికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ వాటిని అందరికీ అందుబాటులో ఉంచింది.

స్వతంత్ర భారతంలో పరిస్థితి మరోవిధంగా ఉన్నది. 1957 నాటి చట్టం 28వ సెక్షను ప్రకారం ప్రభుత్వ రచనకు గడువు ప్రచురణ సంవత్సరం ముగిసినప్పటి నుండి లెక్కిస్తారు. మొదట 50 ఏళ్ళుగా ఉన్నదానిని 1992 సవరణ 60 ఏళ్ళు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జిల్లా గెజెటీర్ల వరుసలో 1970లలో వెలువరించిన మెదక్ సంపుటం ఈ లెక్కన 2030ల దాకా ప్రభుత్వ సొత్తే. వలస ప్రభుత్వం కోహీర్ గురించి రాసిన పద్దును ఎవరైనా ముద్రించుకోవచ్చు. అక్కడి ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకున్న ప్రభుత్వం అదే ఊరి గురించి రాయించినదానికి అనుమతి కావాలి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. చట్టంలో 52(1)(క్యూ) అనే మినహాయింపు ఉంది: అధికారిక గెజెట్‌లో అచ్చయిన విషయాలనూ, శాసనసభ ముందుంచిన కమిటీల నివేదికలనూ, కోర్టు తీర్పులనూ కొన్ని పరిమితులకు లోబడి ఎవరైనా పునర్ముద్రించవచ్చు. దీనిని చూపి ‘గెజెటీర్లు అందరివీ’ అని వాదించేవారు కనిపిస్తారు. గెజెట్ వేరు, గెజెటీర్ వేరు. మొదటిది ప్రభుత్వ ప్రకటనల పత్రిక. రెండవది ప్రాంత వివరాల కోశం. మినహాయింపు మొదటిదానికే వర్తిస్తుంది. రెండు మాటల మధ్య ఉన్న ఒక్క అక్షరం తేడా అరవై ఏళ్ళ తేడా అవుతున్నది.

జనాభా లెక్కల జిల్లా దర్శినులు కూడా ప్రభుత్వ రచనలే. అయితే వాటిలోని అంకెల సంగతి వేరు. ఊరి జనాభా ఎంత, చెరువులెన్ని, బడులెన్ని అనేవి యథార్థాలు. యథార్థాలకు గ్రంథస్వామ్యం ఉండదు. వాటిని ఎంపిక చేసి అమర్చిన తీరుకు మాత్రమే ఉంటుంది. ఆ అమరికలోనూ కేవలం శ్రమ చాలదని, కొంత నైపుణ్యం, విచక్షణ, కనీస సృజన ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ – డి.బి. మోదక్ కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. ఐరోపా సమాఖ్య 1996లో దత్తాంశ నిధులకు కల్పించిన ప్రత్యేక హక్కు వంటిది భారతదేశంలో లేదు. 2011 జనగణన వివరాల ఆధారంగా తెలుగు వికీపీడియాలో వేలాది గ్రామాల పుటలు విస్తరించగలగటానికి ఇదే వెసులుబాటు. 2017లో కేంద్రం ప్రకటించిన ప్రభుత్వ బహిరంగ దత్తాంశ అనుమతి పత్రం ఆ వెసులుబాటును మరికొంత స్పష్టం చేసింది. దర్శినిలోని వర్ణన భాగాలను మాటకు మాట ఎత్తి రాయటానికి మాత్రం ఈ వాదం పనికిరాదు.

యాజమాన్యం వేరు, గడువు వేరు

సంస్థాగత రచనల విషయంలో చర్చ అంతా తికమక కావటానికి మూలం ఒకటే. ‘హక్కు ఎవరిది’ అనే ప్రశ్ననూ ‘హక్కు ఎంతకాలం’ అనే ప్రశ్ననూ కలిపివేయటం. చట్టం ఈ రెంటినీ వేరువేరు సెక్షన్లలో పెట్టింది. జీతానికి కుదిరిన పండితుడు తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, మరో ఒప్పందం లేకపోతే, తొలి యజమాని అతడిని నియమించిన సంస్థ (సెక్షను 17-సి). కాని గడువు మాత్రం ఆ పండితుని ఆయువును బట్టే (సెక్షను 22). పలువురు విడదీయరానంతగా కలిసి చేసిన రచనలో, వారిలో చివరగా మరణించినవారి సంవత్సరం నుండి 60 ఏళ్ళు. ప్రభుత్వానికీ, ప్రభుత్వ రంగ సంస్థలకూ తప్ప, ‘ప్రచురణ నుండి 60 ఏళ్ళు’ అనే సూత్రం రచయిత పేరు తెలిసిన సాహిత్య రచనకు సాధారణంగా వర్తించదు. సాహిత్య పరిషత్తు ఎంత పెద్దదైనా చట్టం దృష్టిలో రచయిత కాజాలదు; యజమాని కాగలదు, అంతే.

పాత చట్టంలో ఇంతకంటె స్పష్టత ఉండేది. 1911 చట్టం ‘సామూహిక రచన’ను నిర్వచిస్తూ మొట్టమొదట పేర్కొన్నవి విజ్ఞాన సర్వస్వాలు, నిఘంటువులు, వార్షిక గ్రంథాలు. రచయిత తన హక్కును ఇతరులకు రాసి ఇచ్చినా, అతడు మరణించిన 25 ఏళ్ళకు అది వారసులకు తిరిగి చేరాలన్న నియమం ఆ చట్టంలో ఉండేది. సామూహిక రచనలను మాత్రం ఆ నియమం నుండి మినహాయించారు. వందమంది రాసిన కోశంలో ఒక్కొక్క వ్యాసం ఒక్కొక్క కుటుంబానికి తిరిగిపోతే కోశం ముక్కలవుతుందని ఆనాటివారు గుర్తించారు. 1957 చట్టంలో సామూహిక రచన నిర్వచనానికి చోటు దక్కలేదు. తెలుగులో పెద్ద కోశాలు ముమ్మరంగా వెలువడినది సరిగ్గా ఆ తరువాతనే.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చెప్పటానికి బీదర్‌కు సంబంధించిన గ్రంథమే ఒకటి ఉంది. గులాం యజ్దానీ రచించిన బీదర్ చరిత్ర – కట్టడాల గ్రంథం 1947లో నిజాం ప్రభుత్వ అధికారంతో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వెలువడింది. యజ్దానీ 1962లో మరణించారు. దానిని ప్రభుత్వ రచనగా భావిస్తే గడువు 2007తో తీరింది. యజ్దానీ స్వంత రచనగా భావిస్తే 2022తో తీరింది. భారత చట్టంలోని ‘ప్రభుత్వం’ అనే మాట ఒకనాటి నిజాం ప్రభుత్వానికి వర్తిస్తుందా అన్న ప్రశ్న కూడా ఇందులో దాగి ఉంది. ఇప్పుడు రెండు తేదీలూ దాటిపోయాయి గనుక వివాదానికి తావు లేదు. కాని ఆ పదిహేనేళ్ళ కాలంలో ఆ గ్రంథాన్ని డిజిటైజ్ చేయదలచిన గ్రంథాలయాధికారి ఏ తేదీని నమ్మాలి?

సూర్యరాయాంధ్ర నిఘంటువు, రవీంద్రుని గడువు

ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో ఏర్పడింది. జయంతి రామయ్య పంతులు దానికి ప్రాణం, పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యరావు దానికి పోషకుడు. నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. రామయ్య పంతులు 1941లో మరణించారు. మిగిలిన సంపుటాలు ఆ తరువాత దశాబ్దాల పాటు సాగాయి. పరిషత్తు మూలసంస్థ, మహారాజు ధనదాత, పండితులు నిర్మాతలు, తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పునర్ముద్రణకర్త. నలుగురిలో ఎవరిది హక్కు?

ధనమిచ్చినందువల్ల మహారాజుకు గ్రంథస్వామ్యం రాదు. పేరు పెట్టినందువల్ల అసలే రాదు. పునర్ముద్రించినందువల్ల అకాడమికి మూలపాఠం మీద కొత్త హక్కు పుట్టదు. పరిషత్తు శాసనం ద్వారా ఏర్పడిన సంస్థ కాదు గనుక ప్రభుత్వ రంగ సంస్థల సెక్షను దానికి పట్టదు. మిగిలినది పండితుల ఆయువే.

చరిత్రలో ఒక యాదృచ్ఛికత ఇక్కడ ఆసక్తి కలిగిస్తుంది. రామయ్య పంతులు మరణించిన 1941లోనే రవీంద్రనాథ ఠాగూరు కూడా మరణించారు. ఠాగూరు రచనల హక్కులు విశ్వభారతివి. 1991 చివరితో వాటి గడువు తీరనుండగా, డిసెంబరు నెలాఖరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం చేసి, 50 ఏళ్ళను 60 ఏళ్ళుగా పొడిగించింది. విశ్వభారతి కోసం తెచ్చిన ఆ సవరణ 1941లో పోయిన ప్రతి రచయితకూ వర్తించింది. రామయ్య పంతులు రచనల గడువు కూడా ఆ విధంగా పదేళ్ళు పెరిగి 2001తో తీరింది. ఎవరూ కోరని పొడిగింపు అది. నిఘంటువులో ఆయనతో పాటు పనిచేసి, ఆయన తరువాత దీర్ఘకాలం జీవించిన పండితుల కృషి ఉన్న సంపుటాలకు లెక్క వేరు. ఒక్కొక్క సంపుటానికి నిర్మాతల పట్టికను, వారి మరణ సంవత్సరాలను చేర్చి చూస్తే తప్ప తేలదు. ఆ పట్టిక తయారు చేయటమే ఒక పరిశోధన అవుతుంది.

తెలుగు భాషా సమితి వారి విజ్ఞాన సర్వస్వంలో చిక్కు మరో రకం. 1947లో మద్రాసులో మొదలైన ఈ సమితి విషయాలవారీగా సంపుటాలు వెలువరించింది. వ్యాసాలకు రచయితలు వేరువేరు. ఎవరి భాగం వారిదిగా విడదీయగలిగినప్పుడు అది సంయుక్త రచన కాదు, ప్రతి వ్యాసం ఒక ప్రత్యేక రచన. సమితిలో పనిచేసిన మల్లంపల్లి సోమశేఖర శర్మ 1963 జనవరిలో మరణించారు. ఆయన స్వయంగా రాసిన వ్యాసాలు 2024 ఆరంభంతో స్వేచ్ఛ పొందాయి. అదే సంపుటంలో పక్క పుటలో ఉన్న వ్యాసం, దాని రచయిత 1990లో పోయి ఉంటే, 2050 దాకా ఆగాలి. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు చేపట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అకారంతోనే ఆగిపోయింది. ఆయన 1923లో మరణించారు గనుక ఆయన రాసిన భాగం 1973 చివరికే బయటపడింది. విజ్ఞాన సర్వస్వం ఒకే అట్టల మధ్య ఉన్నా, కాలం దానిని పుటపుటకూ వేరుగా విడుదల చేస్తుంది.

రైతు మాట, యాభై ఏళ్ళ తేడా

ఇంతవరకు చెప్పినవన్నీ పండితుల రచనలు. మాండలిక వృత్తి పదకోశం విషయం అంతకంటె లోతైనది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురణగా, వ్యవసాయ పదాలతో దీని తొలి సంపుటం 1962లో వెలువడింది; చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. పూర్వ నిఘంటువులు కావ్యాలనుండి పదాలను ఏరగా, ఇది ఊళ్ళకు పోయి సేద్యగాళ్ళను అడిగి రాసుకున్నది. నాగలి భాగాలకు ఏ ప్రాంతం ఏమంటుంది, విత్తే గొర్రుకు, కలుపు తీసే గుంటుకకు, జడ్డిగానికి ఎక్కడెక్కడ ఏ రూపాలున్నాయి అన్నది ఇందులో మొదటిసారి శాస్త్రీయంగా అచ్చయింది. ట్రాక్టరు వచ్చిన తరువాత వాడుక తప్పిన మాటలకు ఇప్పుడు చాలాచోట్ల ఇదే ఆధారం. జహీరాబాద్ ప్రాంతపు యువకుడు తన తాత వాడిన మాటకు అర్థం కోసం ఈ సంపుటం తెరవవలసి వస్తుంది.

దీని గడువు ఎప్పటిదాకా? ఇది ప్రభుత్వ రచన అయితే 1962కు 60 ఏళ్ళు కలిపి, 2022 చివరితో తీరిపోయింది. కృష్ణమూర్తి రచన అయితే, ఆయన 2012 ఆగస్టులో మరణించారు గనుక 2072 చివరి వరకు ఉన్నది. ఒకే పుస్తకానికి రెండు సమాధానాల మధ్య యాభై ఏళ్ళు.

అకాడమి 1957లో ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది, ప్రభుత్వం నిధులిచ్చింది. అయినా స్వయంప్రతిపత్తి గల సంస్థగానే పనిచేసింది. ‘ప్రభుత్వ ఆదేశంతో లేదా అదుపులో’ తయారైన రచన అనాలంటే నిధులు చాలవు, అదుపును చూపాలి. ఇటువంటి సగం ప్రభుత్వ సంస్థల కోసమే 1983 సవరణ 28-ఏ అనే కొత్త సెక్షను చేర్చింది. ప్రభుత్వం అదుపు చేసే సంస్థలూ, శాసనం ద్వారా ఏర్పడిన సంస్థలూ ‘ప్రభుత్వ రంగ సంస్థలు’గా పరిగణన పొంది, వాటి రచనలకు కూడా ప్రచురణ తేదీ నుండే గడువు లెక్కించటం మొదలైంది. ఆ సవరణ 1984 ఆగస్టు 9న అమలులోకి వచ్చింది. సాహిత్య అకాడమిని రాష్ట్ర ప్రభుత్వం 1983లో రద్దు చేసింది. తనకు సరిపోయే సెక్షను అమలయ్యేనాటికి అకాడమి లేదు.

ఇక సంపాదకుని వైపు నుండి చూస్తే, కృష్ణమూర్తి విశ్వవిద్యాలయ ఆచార్యులు. అకాడమి ఉద్యోగి కారు. ఉద్యోగ సంబంధం లేనప్పుడు యాజమాన్యం కూడా, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, సంస్థకు పోదు. అంటే ఆనాడు అకాడమికీ సంపాదకునికీ మధ్య కుదిరిన ఒప్పంద పత్రమే ఇక్కడ నిర్ణాయకం. గ్రంథస్వామ్య చరిత్రను గ్రంథాలయంలో కాక పాత కార్యాలయ దస్త్రాలలో వెతకవలసిన సందర్భమిది. యాభై ఏళ్ళు అదనంగా తాళం వేయటం వల్ల కృష్ణమూర్తి కీర్తికి గాని, ఏ సంస్థ ఆదాయానికి గాని ఒరిగేది లేదు. నష్టం మాత్రం ఆ మాటలను మరచిపోతున్న పల్లెలది.

మాటలు చెప్పిన రైతులకు ఈ లెక్కలో ఏ స్థానమూ లేదన్నది వేరే విషయం. విడి మాట యథార్థం వంటిదే, దానికి గ్రంథస్వామ్యం లేదు. కనుక ఎవరైనా ఆ సంపుటంలోని మాటను వాడుకోవచ్చు. దాని వివరణను, అమరికను మక్కీకి మక్కీ తీసుకోరాదు. విత్తనాల విషయంలో చట్టం కొంత భిన్నంగా ఆలోచించింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సమితులు తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో మొక్కలు, విత్తనాలతో పాటు వాటి గురించి ప్రజలకున్న తెలివిడి నమోదు అవుతుంది. ఆ తెలివిడిని వ్యాపారానికి వాడుకోదలచినవారు అనుమతి పొంది, లాభంలో వాటా పంచాలి. జహీరాబాద్ మండలం పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను ఊరి సొత్తుగా నిలుపుకొన్న ప్రాంతమిది. 2008లో మాచ్‌నూరు నుండి మొదలైన సంఘం రేడియోలో ఆ మహిళల మాటే వినిపించింది. విత్తనం గురించి చెప్పిన రైతును చట్టం గుర్తించింది; ఆ విత్తనాన్ని చల్లే సాధనం పేరు చెప్పిన రైతును గుర్తించలేదు.

పంపకాలు

అకాడమి రద్దయిన తరువాత 1985 డిసెంబరులో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. సాహిత్య అకాడమితో పాటు తక్కిన అకాడమీలు, తెలుగు భాషా సమితి, అంతర్జాతీయ తెలుగు సంస్థ అందులో కలిశాయి. పుస్తకాల నిల్వలు, అచ్చు హక్కులు అటే చేరాయని సాధారణ అవగాహన. అయితే మూలసంస్థకు ఎంత హక్కు ఉన్నదో అంతే వారసునికి సంక్రమిస్తుంది. సమితికి వ్యాసకర్త రాసి ఇవ్వని హక్కు విశ్వవిద్యాలయానికి పుట్టుకురాదు.

2014లో మరో మలుపు. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం పదవ షెడ్యూలులో ఉమ్మడి సంస్థలను చేర్చింది; తెలుగు విశ్వవిద్యాలయం, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి అందులోనివే. ఉన్నత విద్యామండలి కేసులో 2016 మార్చిలో సుప్రీంకోర్టు, ఇటువంటి సంస్థల ఆస్తులు, అప్పులు జనాభా నిష్పత్తిలో పంచుకోవాలని చెప్పింది. తెలుగు అకాడమి పంపకం కూడా 2021లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. వాదోపవాదాలన్నీ బ్యాంకు డిపాజిట్లు, ఉద్యోగులు, భవనాల చుట్టూ తిరిగాయి. ఒక పదకోశాన్ని 58:42 నిష్పత్తిలో పంచటం ఎలా? అకారం నుండి పకారం దాకా ఒక రాష్ట్రానికి, మిగిలినది మరొకదానికి అనలేరు. ఉమ్మడి యాజమాన్యంగా ఉంచితే, ఎవరికైనా అనుమతి ఇవ్వాలంటే ఇద్దరూ సంతకం చేయాలి. ఆ సంతకాలకు పట్టే కాలంలో కాగితం పెళుసెక్కుతుంది.

పొరుగు భాషలలో దారి తొందరగా దొరికింది. కేరళ ప్రభుత్వం తన సర్వవిజ్ఞానకోశాన్ని 2008లో స్వేచ్ఛా అనుమతితో విడుదల చేసింది. గోవా విశ్వవిద్యాలయం కొంకణీ విశ్వకోశాన్ని 2013లో క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చింది. మైసూరు విశ్వవిద్యాలయం కన్నడ విశ్వకోశ విషయంలో ఆ మరుసటి ఏడు అదే బాట పట్టింది. ఆ మూడు చోట్లా గ్రంథం మొదలుపెట్టిన సంస్థే నేటికీ ఉన్నది, లేదా ప్రభుత్వమే దానిని నేరుగా నడిపింది. సంతకం చేయవలసినవారు ఎవరో వెతకనక్కరలేదు. తెలుగులో ఔదార్యం కొరత కాదు అసలు సమస్య. ఔదార్యం చూపే అధికారం ఎవరిదో తెలియకపోవటం.

ఈ అనిశ్చితికి పెద్ద నష్టపోయినది భారత డిజిటల్ గ్రంథాలయం. రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల గ్రంథాల పథకంలో భాగంగా, హైదరాబాదు ట్రిపుల్ ఐటీతో సహా పలు కేంద్రాలలో వేలాది తెలుగు పుస్తకాలు స్కానింగు అయ్యాయి. గ్రంథస్వామ్య ఉల్లంఘన ఆరోపణల నేపథ్యంలో ఆ స్థలం 2017లో మూతపడింది. అంతకుముందే ఎందరో ఔత్సాహికులు ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చి ఉండకపోతే ఆ శ్రమలో చాలా భాగం కనుమరుగయ్యేది. హక్కు ఉన్న పుస్తకాన్ని తీసివేయటం సబబే; హక్కు తీరిన వందల పుస్తకాలు దానితో పాటే మూతపడటానికి కారణం, ఏది ఏదో తేల్చే పట్టిక లేకపోవటమే.

నిఘంటువు పేరు, నిఘంటువు పాఠం

బ్రౌన్ నిఘంటువు ఈ చరిత్రలో మరో కోణం. సి.పి. బ్రౌన్ 1884లో మరణించారు. ఆయన 1852 నాటి తెలుగు – ఇంగ్లీషు నిఘంటువు ఏనాడో అందరిదైంది. 1903లో వీరేశలింగం తదితరులు సవరించిన కూర్పు అందరి చేతుల్లోకీ చేరింది. చికాగో విశ్వవిద్యాలయపు నిఘంటు నిధిలో ఆ కూర్పు పక్కనే, జె.పి.ఎల్. గ్విన్ 1991లో ప్రకటించిన నిఘంటువు కూడా కనిపిస్తుంది. చూసేవారికి రెండూ ఒకే తెర మీద, ఒకే రూపంలో ఉంటాయి. గ్విన్ 1999లో మరణించారు. ఆయన నిఘంటువు రక్షణలో ఉన్న రచన, అనుమతితోనే అక్కడ ఉండగలది. తెర మీద కనిపించినదంతా సార్వజనికమేననే భ్రమ ఇటువంటి చోట్లనే పుడుతుంది.

బ్రౌన్ పేరుతో ఎవరైనా కొత్త ముద్రణ వేయవచ్చా అన్న అనుమానానికి అమెరికాలో వెబ్‌స్టర్ నిఘంటువు వివాదం దారి చూపుతుంది. ఆ నిఘంటువు 1847 కూర్పు హక్కు 1889లో తీరగా, ఇతరులు అదే పేరుతో ముద్రించారు. మెరియమ్ కంపెనీ పేరు తమదని వాదించింది. గ్రంథం అందరిదైనప్పుడు దాని పేరు కూడా అందరిదవుతుందని 1915లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటాల విషయంలో రేపు ఎవరైనా ఇదే ప్రశ్న వేయవచ్చు.

హక్కుదారు ఎవరో తెలియనప్పుడు ఏం చేయాలన్నదానికి 2012 సవరణ తరువాతి 31-ఏ సెక్షను ఒక దారి చూపుతుంది. రచయిత మరణించినా, జాడ తెలియకపోయినా, యజమాని దొరకకపోయినా, పత్రికా ప్రకటన ఇచ్చి, రుసుము కట్టి, ప్రచురణకు అనుమతి కోరవచ్చు. దరఖాస్తులు వినే గ్రంథస్వామ్య మండలి తరువాతి కాలంలో మేధోసంపత్తి అప్పీళ్ళ ట్రిబ్యునల్‌లో కలిసింది. 2021లో ఆ ట్రిబ్యునలూ రద్దయి, పని కోర్టులకు మారింది. కోహీర్ వంటి చోట ఊరి చరిత్ర రాస్తున్న ఉపాధ్యాయుడు నాలుగు పుటల పదకోశ భాగం కోసం వాణిజ్య న్యాయస్థానం దాకా పోతాడని ఆశించటం కష్టం. అతనికి అంతకంటె ఉపయోగపడేది 21వ సెక్షను: యజమాని ఒక బహిరంగ ప్రకటనతో తన హక్కును వదులుకోవచ్చు. ఆ ప్రకటనకు పట్టేది ఒక పుట. దానిపై సంతకం చేయటానికి ముందు, 1962 నాటి ఒప్పంద పత్రం ఏ బీరువాలో ఉన్నదో వెతకాలి.